చెవి అందిన చెయ్యి

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. యాదవ్వ గడప దగ్గర వెలుతురులో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఆమె అత్త లస్మవ్వ గుంజకు వీపు ఆనించి తునికాకు మూట మీద నీళ్లు చిలకరిస్తోంది. పక్కింటి బుచ్చవ్వ తన చాట తాను తెచ్చుకొని యాదవ్వకు ఎదురుగా కూర్చుంది, వాళ్లింట్లో పొద్దుటి పూట వెలుతురు రాదు. యాదవ్వ కూతురు కొమురవ్వ లోపలి అర్రలో తల దువ్వుకుంటోంది. యాదవ్వ భర్త రాయమల్లు మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి అతన్ని లెక్కలోకి తీసుకోలేం.

లక్ష్మీరాజం సారు సైకిలు దడికి ఆనించి లోపలికి వచ్చినప్పుడు ముగ్గురు ఆడవాళ్లూ కొంగులు సర్దుకున్నారు. ఆయన కొమురవ్వ చదివే చెన్నూరు బడిలో ఆటల సారు. వాళ్ల ఊరు వాగొడ్డుపల్లెకు అంతకుముందెప్పుడూ రాలేదు.

"కొమురవ్వ అవ్వ మీరేనా?" అని యాదవ్వను అడిగి, అరుగు మీద దుమ్ము చేత్తో తుడుచుకొని కూర్చున్నాడు. "మంగళారం చెన్నూర్ల సెలక్షన్ ఉన్నదమ్మా. గోదావరి యువజన సంఘం వాళ్లు ఆడపిల్లల వాలీబాల్ టీము కడుతుండ్రు. పదహారేండ్ల లోపోళ్లు. వచ్చే ఆదివారం శ్రీరాంపూర్ల పోటీలు. తల్లో తండ్రో వెంట రావాలె, సంతకం పెట్టాలె."

"సెలక్షన్ అంటే ఏంది సారూ?"

"ఏరుడు. ముప్పై మందిల పన్నెండు మందిని ఏరుతరు."

"మిరపకాయలు ఏరినట్టు," అంది బుచ్చవ్వ చాటలోంచి తలెత్తకుండా. "తాలు ఎటు పోతదో మరి."

లస్మవ్వకు నవ్వు రాలేదు. "బాలు ఎగరేసుడు మొగపోరగాండ్లది గద సారూ. లాగు తొడుక్కొని ఆడాల్నంట."

"పొడుగు ప్యాంటు తొడుక్కుంటరవ్వా. నిండుగనే ఉంటది."

"నిండుగుంటే మంచిదే. చూసేటోని కండ్లు నిండుగుండాలె గదా."

సారు యాదవ్వ వైపు తిరిగి చెప్పాడు. "పన్నెండేండ్ల సంది ఆటలు చెప్తున్న. గీ పిల్ల అసొంటి చేతులు చూడలేదమ్మా. ఎంత గట్టిగ కొట్టిన బాలైనా గీమె చేతికాడికి వచ్చి మెత్తగైతది. ఎక్కడ పెట్టాల్నో అక్కడ పెడుతది."

యాదవ్వ చేతిలో బీడీకి దారం సగం చుట్టి ఉంది. ఆమె మిగతా సగం చుట్టి, దారం తెంపి, మూతి మడిచి, చాటలో వేసింది. లోపలి అర్రలో దువ్వెన చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అడగడం రాని పిల్ల. బువ్వ కావాలని కూడా అడగదు, గిన్నె ముందు కూర్చుంటుంది అంతే. ఇప్పుడు తలుపు వెనక ఊపిరి బిగబట్టుకొని నిలబడి ఉంటుందని యాదవ్వకు చూడకుండానే తెలిసింది.

"మంగళారం ఎన్ని గంటలకు సారూ?" అని అడిగింది.

మంగళవారం పొద్దున్నే ఇద్దరూ ఏడు గంటల బస్సెక్కారు. యాదవ్వ చాట ఇంట్లో పెట్టి, కత్తిరించిన ఆకు తడిగుడ్డలో చుట్టి, తంబాకు డబ్బాలో పోసుకొని వెంట తెచ్చుకుంది. రోజంతా ఖాళీ చేతులతో కూర్చోవడం ఆమెకు తెలియదు. గ్రౌండు పక్కన వేపచెట్టు నీడలో నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి. అందులో ఒకదాంట్లో సంఘం కార్యదర్శి బాపురావు భార్య నిర్మలాదేవి కూర్చుంది. మిగతావాళ్ల తల్లులు గోడ వెంట నిలబడ్డారు. యాదవ్వ గోడ చివర నేల మీద కూర్చొని, ఒళ్లో గుడ్డ పరుచుకొని, బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పక్కనున్న ఆమె ఆ గుడ్డ వైపు చూసి కొంచెం జరిగింది.

ఆట గురించి యాదవ్వకు ఏమీ తెలియదు. మొదట బంతి ఎటు పోతే అటు చూసింది. కాసేపటికి ఆమెకు ఒకటి అర్థమైంది. బంతి ఎగరగొట్టే పిల్లలను చూసి అందరూ చప్పట్లు కొడుతున్నారు కాని, అంతకుముందు ఆ బంతిని వాళ్ల చేతికి అందే ఎత్తులో నిలబెట్టేది కొమురవ్వ. మోకాళ్లు వంచి, రెండు చేతులూ తలపైకి లేపి, పది వేళ్లతో బంతిని ముట్టుకొని వదిలేసేది. చప్పుడే ఉండేది కాదు. కొమురవ్వ పక్కకు పోయి ఇంకో పిల్ల ఆ జాగాలోకి వచ్చినప్పుడల్లా ఆట చెదిరిపోయేది.

ఆ ఇంకో పిల్ల బాపురావు కూతురు సరళాదేవి. తెల్లగా, పొట్టిగా, చేతికి గడియారంతో ఉంది. బంతి వస్తే కళ్లు మూసుకునేది. మూడోసారి బంతి ముక్కుకు తగిలి కింద కూర్చుంటే కొమురవ్వే వెళ్లి లేపింది. సరళ ఆమె భుజం పట్టుకొని నవ్వింది కూడా.

ఆట అయ్యాక బల్ల దగ్గర కాగితాలు చూశారు. బాపురావు కళ్లద్దాలు పెట్టుకొని కొమురవ్వ బడి కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత లక్ష్మీరాజం సారుకు అందించాడు. సారు చదివి బల్ల మీద పెట్టాడు.

"డెబ్బై రెండు, జూన్ ఒకటి," అన్నాడు బాపురావు. "జూలై ఒకటి తర్వాత పుట్టినోళ్లే ఆడాలె. నెల రోజులు ఎక్కువైంది."

"ఏం ఎక్కువైంది దొరా?" యాదవ్వ దగ్గరికి వచ్చింది.

"నీ బిడ్డకు పదహారు నిండినయ్. ఈ టీముల ఆడ రాదు."

"లేదు దొరా. పదిహేను ఇంక నిండలే. సద్దుల బతుకమ్మనాడు పుట్టింది నా బిడ్డ. ఊరంత చెరువుకాడికి పోతే నేను నొప్పులతోటి ఇంట్ల ఉన్న. జూన్ల బతుకమ్మ ఎక్కడిది?"

బల్ల దగ్గర ఒకరిద్దరు నవ్వారు.

"మరి కాయితంల గిట్లెందుకున్నది?"

యాదవ్వ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. "బడిల వెయ్యవోతె సారు చెయ్యి ఎత్తుమన్నడు దొరా. తల మీదికెల్లి గీ పక్క చెవి అందాలె. అందితె ఆరేండ్లు. దీనికి నాలుగేండ్లు దాటినయంతే. నేను పొలం పోతె చూసేటోళ్లు లేరని తోలుకపోయిన. అందది, ఇంటికి తోలుతరు అనుకున్న. అందింది. దీని చేతులు పుట్టుడే పొడుగు. సారు ఆరేండ్లని రాసుకున్నడు. నేను గూడ సంబురపడ్డ. ఓ పూట బువ్వ బడిల తింటదని."

కొమురవ్వ తల దించుకొని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గా పొడుగు చేతులతోనే గద దొరా ఇప్పుడు ఆడింది," అంది యాదవ్వ.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు." బాపురావు గొంతు కఠినంగా లేదు. "కాయితం ముందట నోరు చెల్లదమ్మా. నేనేం జేస్త." కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, పక్క కాగితం తీశాడు. పన్నెండు పేర్లు చదివారు. ఏడో పేరు సరళాదేవిది.

బస్సులో కొమురవ్వ కిటికీ వైపు కూర్చుంది. ఊళ్లో దిగేటప్పుడు, "నువ్వు గంత మందిల చెయ్యెందుకు ఎత్తి చూపిస్తివి అవ్వా," అంది.

బుధవారం యాదవ్వ వాగొడ్డుపల్లె బడికి పోయింది. కొమురవ్వ చెయ్యి ఎత్తించిన పర్శరాములు సారే ఇప్పుడు హెడ్‌మాస్టరు. ఆయన ఆమె చెప్పింది విని, బీరువా తీసి, అట్ట ఊడిపోయిన పెద్ద రిజిస్టరు బల్ల మీద పరిచాడు. వేలు తడిచేసుకొని కాగితాలు తిప్పాడు.

"ఇదిగో నీ బిడ్డ. ఇగో ఈమె మీద మాదిగ పోశన్న కొడుకు. జూన్ ఒకటి. కింద గొల్లోళ్ల పిల్ల. జూన్ ఒకటి. ఇగో, ఇగో." ఆయన వేలు కిందికి జారుతూ పోయింది. "ఊరంత ఒక్కనాడే పుట్టింది యాదవ్వా. మీరు చెప్పరైతిరి. వానలు పడ్డప్పుడు పుట్టిండని ఒకరు, ఎడ్లు సచ్చిన యాడాది అని ఒకరు. నేను ఏం రాయాలె?"

"మీరు రాసింది మీరే కొట్టెయ్యరాదుండ్రి సారూ."

"రాసుడే నా చేతుల ఉన్నది. కొట్టేసుడు లేదు. మార్చాల్నంటె కోర్టుకు పోవాలె. ఆర్నెల్లో, యాడాదో."

"పోటీలు ఆదివారమే."

పర్శరాములు సారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "గప్పుడు నేను కొత్త. చెయ్యి అందుతుందా చూసి వేసుకొమ్మని పెద్దసారు చెప్పిండు. పిల్లలు ఎంతమంది ఉంటె బడికి గంత మంచిదని..." మాట మధ్యలో ఆపి, రిజిస్టరు మూశాడు. "చాయ తాగుతవా?"

యాదవ్వ తాగలేదు. ఇంటికి వచ్చేసరికి కొమురవ్వ ఆకు కత్తిరిస్తోంది. రేకు ముక్క ఆకు మీద పెట్టి, కత్తెర చుట్టూ తిప్పి, పక్కన పడేస్తోంది. తల్లి మొహం ఒకసారి చూసి, ఇంకో ఆకు తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం లక్ష్మీరాజం సారు మళ్లీ వచ్చాడు. ఈసారి సైకిలు వెనక ఒక సంచి కట్టుకొని ఉంది. అరుగు మీద కూర్చోకుండా నేరుగా లోపలికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బాపురావు సారు తోలిండు. కొమురవ్వ శ్రీరాంపూర్ వస్తదా అని."

యాదవ్వ లేచి నిలబడింది. ఒళ్లోని తంబాకు కింద పడింది.

"వస్తది గాని, సరళ పేరు మీద ఆడుతది. సరళ ఇంటికాడనే ఉంటది. పేరు సరళది, వయసు కాయితం సరళది. సర్టిఫికెట్ గూడ ఆమెకే పోతది. రేపు కాలేజీ సీటుకు అక్కరకొస్తదని సారు..." ఆయన నేల చూస్తూ చెప్పాడు. "ఆట మాత్రం కొమురవ్వది."

"మా పిల్లకు పేరు లేదా సారూ?"

"ఉన్నదమ్మా. గా పేరుకు పదహారు నిండినయ్."

లస్మవ్వ గుంజ దగ్గర్నుంచి అంది, "ఒకరి పేరు మీద ఇంకొకరు సావరు, ఒకరి పేరు మీద ఇంకొకరు ఆడుతరా? ఇదేం ఆట."

"వద్దు సారూ," అంది యాదవ్వ. "దొరకు చెప్పుండ్రి. మేం రాం."

సారు తల ఊపి బయటికి నడిచాడు. దడి దాకా పోయాడు. అప్పుడు లోపలి అర్రలోంచి కొమురవ్వ వచ్చి గడపలో నిలబడింది.

"సార్, నేనొస్త," అంది.

యాదవ్వ వెనక్కి తిరిగింది. పిల్ల గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ వినబడలేదు. నిజానికి గట్టిగా కూడా కాదు, మామూలుగానే.

"బిడ్డా, గెలిస్తె నీదని ఎవలకు తెల్వదు."

"నాకు తెలుస్తది గదా."

"రేపు నాకో కప్పు చూపెట్టి ఇది నాది అందామంటె లేదు. పేపర్ల ఆమె పేరు, సర్టిఫికెట్ల ఆమె పేరు."

"నేను అవన్ని అడుగుతున్ననా? నన్ను ఆడనియ్యవే అవ్వా." కొమురవ్వ కాలి బొటనవేలితో గడప గీకుతోంది. "ఇంటి పేరు, ఊరి పేరు నువ్వే ఉంచుకో. నన్ను ఆడనియ్యి."

యాదవ్వ అత్త వైపు చూసింది. లస్మవ్వ ఆకు మూట మీద నీళ్లు చల్లుకుంటోంది. బుచ్చవ్వ కూడా ఆ రోజు లేదు. వద్దు అనడానికి ఆమె దగ్గర ఒక్క మాటే ఉంది, దాన్ని అప్పుడే వాడేసింది.

సారు సంచి విప్పాడు. పసుపు రంగు చొక్కా, నల్ల ప్యాంటు, సరళ బూట్లు ఉన్నాయి. ఒక కాగితం మీద సరళ సంతకం ఉంది. "ఇది నేర్చుకో. అక్కడ పెట్టాల్సి వస్తది. ఎవలన్న పేరు పిలిస్తె పలకాలె. ఆలోచన చెయ్యొద్దు, పలకాలె." తర్వాత యాదవ్వతో అన్నాడు, "నువ్వు జర అక్కడికి రాకమ్మా. ఏమనుకోకు. నోరు జారితె టీమంత పోతది."

రెండు రోజులు కొమురవ్వ ఆ సంతకం దిద్దింది. పాత నోటుబుక్కు వెనక, బీడీ కట్టలకు చుట్టే కాగితం మీద, నేల మీద వేలితో. యాదవ్వకు అక్షరాలు రావు. చివర గుండ్రంగా తిరిగి కిందికి గీత లాగుతున్న ఆ రాత కూతురి పేరుకంటే పొడుగ్గా ఉందని మాత్రం చూసింది. బూట్లు బిగుతుగా ఉన్నాయి. కొమురవ్వ మడమ దగ్గర గుడ్డపేలిక పెట్టుకొని వాకిట్లో అటూ ఇటూ నడిచింది.

"సరళా," అని పిలిచింది లస్మవ్వ ఒకసారి, వెక్కిరింతగా.

"ఆఁ," అంది కొమురవ్వ వెంటనే. తర్వాత నవ్వింది. యాదవ్వ నవ్వలేదు.

శనివారం సాయంత్రం టీము జీపు ఊరి బయట ఆగితే కొమురవ్వ నడిచిపోయి ఎక్కింది.

ఆదివారం పొద్దున యాదవ్వ చాట ముందర కూర్చుంది. పది బీడీలు చుట్టేసరికి నాలుగు విడిపోయాయి. లేచి జొన్న పిండి కలిపి రొట్టెలు కొట్టింది. నువ్వుల పొడి పొట్లం కట్టింది. "రొట్టెలు ఇచ్చి వస్త అత్తా," అంది.

"రాకన్నడు గద సారు."

"దగ్గరికి పోను. దూరంనుంచి చూస్త. ఎవరి చేతనన్న పంపుత."

చెన్నూరులో బస్సు మారి, శ్రీరాంపూర్‌లో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. కాలనీ గ్రౌండులో బొగ్గుబాయి నుంచి రాత్రి పాళీ పని దిగినవాళ్లు కళ్ల చుట్టూ నలుపుతోనే వచ్చి నిలబడ్డారు. యాదవ్వ వాళ్ల వెనక, ఆడవాళ్ల గుంపులో చేరి మునివేళ్ల మీద లేచింది.

పసుపు చొక్కా దూరంనుంచే కనబడింది. ఇంట్లో గోడ పక్కగా నడిచే పిల్ల అక్కడ నెట్టు ముందు, అందరి మధ్యలో నిలబడి చేత్తో సైగలు చేస్తోంది. ఇటు రా, అటు పో. పెద్ద పెద్ద పిల్లలు ఆమె చెప్పినట్టు కదులుతున్నారు. బంతి ఆమె దగ్గరికి వస్తే గ్రౌండంతా ఒక్క క్షణం నిశ్శబ్దమయ్యేది. ఆ తర్వాతే అరుపు. మైకులో "సరళాదేవి, చెన్నూరు" అన్నప్పుడల్లా బొగ్గుబాయి మనుషులు ఈలలు వేశారు.

"గా పొడుగు పిల్ల ఎవలి బిడ్డనో," అంది పక్కనున్న కాలనీ ఆమె, చంకలో పిల్లవాణ్ని సర్దుకుంటూ. "కన్నతల్లి ఏం తిని కన్నదో. చూసినవా ఎట్ల లేపుతదో."

యాదవ్వ చుట్టూ చూసింది. "చెన్నూరు బాపురావు దొర బిడ్డ," అంది.

"గదే అనుకున్న. నెయ్యి తిన్న పానం."

చివరి పాయింటుకు ముందు కొమురవ్వ కింద పడి బంతి తీసింది. లేచేటప్పుడు కుడి చేతి వేళ్లు ఎడమ చేత్తో పట్టుకుంది. మొహం చిట్లించింది. మళ్లీ సర్వీసు వచ్చింది, మళ్లీ చేతులు లేపింది. చెన్నూరు గెలిచింది. సాయంత్రం ఫైనల్ అని మైకులో చెప్పారు.

టీములకు పక్కనున్న బడిలో ఒక్కో గది ఇచ్చారు. యాదవ్వ రొట్టెల మూట పట్టుకొని వరండా చివర చాలాసేపు నిలబడింది. ఎవరైనా తెలిసినవాళ్లు బయటికి వస్తే ఇచ్చి పోదామని. ఎవరూ రాలేదు. ఒక నీళ్ల బిందె మాత్రం లోపలికి పోయింది. మూడో గది తలుపు తెరిచే ఉంది. పసుపు చొక్కాలు కనబడుతున్నాయి. యాదవ్వ ఇంకో నాలుగడుగులు వేసింది. ఇంకో రెండు.

లోపల కొమురవ్వ బెంచీ మీద కూర్చొని ఉంది. కుడి చేతి చూపుడువేలు వాచి, గోరు పక్కన రక్తం గడ్డకట్టింది. ఆ చేత్తోనే పెన్ను పట్టుకొని ఏదో రాస్తోంది.

"కొమురవ్వా, వేలు ఏమైందే బిడ్డా," అంది యాదవ్వ.

అన్న తర్వాత చూసింది. తలుపు వెనక, అంతదాకా ఆమెకు కనబడని చోట, తెల్ల చొక్కా మనిషి ఒకాయన అట్ట పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఓడిన టీము ఫిర్యాదు పెడితే వయసు కాగితాలు సరిచూసి, ఒక్కొక్కరితో సంతకాలు పెట్టిస్తున్నాడు. లక్ష్మీరాజం సారు కిటికీ పక్కన గోడకు అతుక్కుపోయినట్టు ఉన్నాడు. పదకొండు మంది పిల్లలు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"ఎవరామె?" అన్నాడు తెల్ల చొక్కా మనిషి. "ఎవర్ని పిలుస్తుంది?"

కొమురవ్వ పెన్ను బెంచీ మీద పెట్టింది. లేచి, బిగుతు బూట్లతో కొంచెం కుంటుతూ, తలుపు దాకా వచ్చింది. తల్లికీ ఆమెకూ మధ్య గడప ఒక్కటే ఉంది. చెమటకు తడిసిన వెంట్రుకలు నుదుటికి అంటుకున్నాయి. వాటిని వెనక్కి తోసెయ్యాలని యాదవ్వ చెయ్యి సగం లేచింది.

"మీరు వేరే రూముకు వచ్చిండ్రు," అంది కొమురవ్వ. "ఆ పేరు గల్లోళ్లు ఈడ లేరు."

పిల్ల కళ్లు తల్లి మొహం మీద నిలబడక, ఆమె భుజం మీదుగా వరండాలోకి చూస్తున్నాయి.

తెల్ల చొక్కా మనిషి ముందుకు వచ్చాడు. "ఏమ్మా, నీ బిడ్డ ఏ టీముల ఉన్నది?"

యాదవ్వ లేచిన చెయ్యి దించుకొని మూటను రెండు చేతులతో పట్టుకుంది. ఆయన వైపు చూసింది, కూతురి వైపు చూడలేదు.

"గీ టీము కాదు సారూ," అంది. "రూము తప్పిన."

ఆయన ఇంకేదో అడగబోయాడు. అంతలో కొమురవ్వ వాచిన వేలు పైకి ఎత్తిపెట్టుకొని, మిగతా నాలుగు వేళ్లతో తలుపు రెక్క పట్టుకొని, తల్లి మొహం మీద మూసింది.